వెజ్జే కదా సార్!

"వెజ్జే కదా సార్!"

ఈ మాట గత నాలుగేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్క రాసుకోలేదు గానీ, రాసుకుని ఉంటే ఈపాటికి ఓ మోస్తరు డేటాబేసు తయారయ్యుండేది. టిఫిన్ సెంటర్లో విన్నాను, ఆఫీసు కాంటీన్లో విన్నాను, పెళ్ళి బంతుల్లో విన్నాను, ఆఖరికి మా పిన్ని వాళ్ళింట్లో కూడా విన్నాను (అక్కడ సార్ ఉండదు, "వెజ్జే కదరా" ఉంటుంది). "ఇందులో పాలు గానీ, పెరుగు గానీ, నెయ్యి గానీ వేశారా?" అని నేనడుగుతాను. "వెజ్జే కదా సార్" అని జవాబొస్తుంది. నేనడిగిందొకటి, ఆయన చెప్పింది ఇంకోటి. మనం టికెట్ రైజ్ చేస్తే సపోర్ట్ వాళ్ళిచ్చే జవాబుల్లాగే.

ముందే చెప్పేస్తాను, నేను వీగన్ని. మాంసం, చేపలు, గుడ్లు ముట్టను. వాటితో పాటు పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పనీరు, కోవా, తేనె కూడా ముట్టను. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఇంకొంతమందీ కలిసి, పాలు కూడా మానేసిన శాకాహారులకి వేరే పేరుండాలని ఈ మాట పుట్టించారు. అంటే ఎనభై ఏళ్ళు దాటిన మాట. అయినా సరే, మా ఫ్లోర్లో సగం మందికి ఇది మొన్న ఇన్‌స్టాగ్రాములో పుట్టిన జబ్బులాగే కనిపిస్తుంది. ఈ టపా మిమ్మల్నెవరినీ మార్చడానికి కాదు. పాలు తాగేవాళ్ళు హాయిగా తాగండి. నా తగువల్లా "వెజ్" అనే ఆ రెండక్షరాల మాటతోనూ, దాని చాటున దాక్కునే వాళ్ళతోనూ.

మన దేశంలో తిండికి రెండే విలువలు. ఆకుపచ్చ గుర్తు, గోధుమరంగు గుర్తు. ట్రూ, ఫాల్స్. 2001 నుంచి ప్యాకెట్ల మీద ఈ గుర్తులున్నాయి. ఈ గుర్తుల వెనకున్న నిర్వచనం ఎప్పుడైనా చదివారా? నేను చదివాను (పనిలేక కాదు, ఆకలేసి). నాన్‌వెజ్ అంటే జంతువు మొత్తం గానీ, అందులో భాగం గానీ, జంతువు నుంచి వచ్చిన ఏ పదార్థమైనా గానీ అని చాలా గంభీరంగా మొదలుపెట్టి, అదే వాక్యంలో "పాలు, పాల పదార్థాలు తప్ప" అని ఓ మినహాయింపు తగిలించారు. 2020 నాటి లేబులింగ్ నిబంధనలకి వచ్చేసరికి ఆ మినహాయింపుల్లో తేనె, తేనెమైనం, లక్క కూడా చేరాయి. లక్క అంటే ఏమిటనుకున్నారు? లక్కపురుగు నుంచి వచ్చేది. మిఠాయిల మీద నిగనిగలాడే పూతలకి వాడతారు. అది కూడా వెజ్జే! ఓ కండిషన్ రాసి, దానికింద మనకి ఇష్టమైనవన్నీ ఎక్సెప్షన్లుగా పెట్టుకుంటే కోడ్ రివ్యూలో మనల్ని ఉతికి ఆరేస్తారు. ఇక్కడ మాత్రం గెజిట్లో అచ్చేశారు.

ఇది జీవశాస్త్రం కాదు, ఆనవాయితీ. ఆనవాయితీ ఉండటంలో తప్పేం లేదు. ఆనవాయితీని నిజం కింద అమ్మడంతోనే పేచీ.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ప్యాకెట్ల విషయంలో పరిస్థితి బాగానే ఉంది. 2022లో ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు వీగన్ ఆహారానికి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు, ఆకుపచ్చ 'వి' అక్షరం మీద చిన్న ఆకు మొలిచినట్టు ఓ గుర్తు కూడా ఇచ్చారు. ఆ గుర్తు లేకపోయినా ఫరవాలేదు, అలర్జీ వివరాల్లో పాలు ఉన్నాయో లేదో రాసి తీరాలి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదువుకుంటే ఐదు సెకన్ల పని. చిప్స్ మీద చల్లే మసాలాలో పాలపొడి, బ్రెడ్డులో పాల పదార్థాలు, పిల్లలకిచ్చే గ్లూకోజు బిస్కెట్లో పాల పదార్థాలు.. ఉంటే ఉంటాయి, ఉన్నాయని రాసి ఉంటుంది. నిజం చెప్పే ప్యాకెట్‌తో నాకు గొడవ లేదు. గొడవంతా నోరు విప్పని ప్లేటుతో.

హోటల్ సంగతి చూద్దాం. టీమ్ లంచ్‌లంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది నార్త్ ఇండియన్. మెనూలో వెజ్ కర్రీలని పాతికో ముప్ఫయ్యో ఉంటాయి. కడాయి, హండీ, కొల్హాపురి, జైపురి, దివానీ.. చూడటానికి దేశాటన చేసినట్టు ఉంటుంది. వంటగదిలోకి వెళ్తే చాలాచోట్ల ఉండేవి మూడు గిన్నెలు. తెల్ల గ్రేవీ, ఎర్ర గ్రేవీ, ఉల్లిపాయ టమాటా గ్రేవీ. పొద్దున్నే పెద్ద పెద్ద గిన్నెల్లో చేసి పెట్టుకుంటారు. ఆర్డర్ రాగానే అందులోంచి ఓ గరిటెడు తీసి, ముక్కలు కలిపి, పేరుని బట్టి మసాలా మార్చి పంపిస్తారు. మనం "క్రీమ్ వద్దన్నా" అంటే ఆయన నిజాయితీగానే ఒప్పుకుంటాడు. పైన గీసే ఆ తెల్ల గీత గీయడు. లోపల పొద్దున్నే కలిసిపోయిన వెన్నా, క్రీమూ ఎక్కడికి పోతాయి? ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి తెలిసినంత మేరకు అది "వితవుట్ క్రీమ్". యూఐలో బటన్ తీసేసి ఫీచర్ తీసేశామని చెప్పినట్టు :)

నాన్ పిండిలో పెరుగో పాలో కలుపుతారు, పైన వెన్న రాస్తారు. దాల్ తడ్కా నేతితో పోపు. వెజ్ బిర్యానీలో పెరుగు, నెయ్యి. ఇక మిగిలేవి తందూరీ రోటీ (వెన్న రాయొద్దని మూడుసార్లు చెప్పాలి), మిర్చీ కా సాలన్. సాలన్‌లో పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు.. అసలుసిసలు హైదరాబాదీ వంటకం, పద్ధతిగా చేస్తే పాల చుక్క పడదు. దాన్నేమో బిర్యానీ పక్కన ఉచితంగా ఇచ్చే నంజుడు కింద చూస్తారు. నేను తెల్లన్నం తెప్పించుకుని సాలన్ కలుపుకుని తింటూంటే మా మేనేజర్ జాలిపడి "పాపం, ఏం తినట్లేదు" అంటాడు. ఆయన ముందు ఉన్నదేమిటయ్యా అంటే, ఎర్ర గ్రేవీలో తేలుతున్న పనీర్ ముక్కలు.

పనీర్ గురించి ఓ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా ఊళ్ళో నా చిన్నప్పుడు పనీర్ అంటే ఎవరికీ తెలియదు. పాలు విరిగితే "అయ్యో విరిగిపోయాయే" అని బాధపడేవాళ్ళు, లేకపోతే పంచదార వేసి పిల్లలకి పెట్టేవాళ్ళు. ఇప్పుడు తెలుగువాడి పెళ్ళిలో పనీర్ లేకపోతే మగపెళ్ళివారు అలిగేట్టున్నారు. గుత్తొంకాయని, దొండకాయ వేపుణ్ణి, కందా బచ్చలినీ, పనసపొట్టు కూరనీ పక్కకి నెట్టేసి, ఏ రుచీ లేని తెల్ల ఇటుక ఒకటి వచ్చి పీఠమేసుకు కూర్చుంది. ఇన్ని కూరగాయలు పండే నేలమీద వెజ్ అంటే పనీర్ అయిపోయింది. వీగన్ల సంగతి వదిలెయ్యండి, శాకాహారులకైనా ఇది అవమానంగా అనిపించదా?

టిఫిన్ సెంటర్ల దగ్గర నా బాధ ఇంకో రకం. ఇడ్లీ, దోశ, గారె, పెసరట్టు, ఉప్మా. బియ్యం, మినుములు, పెసలు, రవ్వ. వీటికీ పాలకీ పుట్టుకతో సంబంధమే లేదు. కానీ ఈమధ్య హైదరాబాదులో ఎటు చూసినా నెయ్యి ఇడ్లీ, నెయ్యి కారం దోశ, బటర్ దోశ. అడక్కుండానే పోసేస్తున్నారు. దోశ మాస్టర్‌ని "అన్నా, నూనెతో వెయ్యి" అంటే వేస్తాడు పాపం, పెనం మీద మాత్రం ఇందాకటి బటర్ దోశ తాలూకు వెన్న ఇంకా నురగ కక్కుతూ ఉంటుంది. కొబ్బరి చట్నీలో కొందరు పెరుగు కలుపుతారు. రవ్వ దోశ పిండిలో మజ్జిగ. మైసూర్ బజ్జీలో మైదాతో పాటు పుల్ల పెరుగు. బయటికి కనిపించవు ఇవేవీ. అడిగితే "వెజ్జే కదా సార్".

ఇక్కడ మీలో కొంతమందికి ఒక ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "కొంచెం నెయ్యి పడితే ఏమవుతుంది బాబూ? చచ్చిపోతావా?" చావను. నిజమే. మీరు శాకాహారులైతే మీ సాంబారులో చిన్న చేపముక్క పడితే మీరూ చావరు. చేపని తీసేసి తినండి అంటే ఒప్పుకుంటారా? 2024 సెప్టెంబరులో తిరుపతి లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ఆరోపణలు వచ్చినప్పుడు జనం ఎలా తల్లడిల్లిపోయారో గుర్తుందిగా? నిజానిజాల జోలికి నేను పోవట్లేదు, అది ఈ టపా విషయం కాదు. నేను చూసింది మనుషుల బాధ. "మాకు తెలియకుండా, మేము వద్దనుకున్నది మా నోట్లో పెట్టారేమో" అన్న అనుమానానికే కడుపులో దేవింది. మా ఆఫీసులో ఒకతను ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. అతని బాధ నాకు పూర్తిగా అర్థమైంది. అతనే రెండు వారాల తర్వాత నా ప్లేటులో పెరుగు పచ్చడి చూసి, "తినెయ్ బాస్, ఎవరు చూస్తారు" అన్నాడు. ఏమనాలి?

ఇప్పుడు "ప్యూర్ వెజ్" వాళ్ళ దగ్గరికి వద్దాం. ఆ "ప్యూర్" ఉంది చూశారూ, దానికీ తిండికీ సంబంధం లేదు. పక్కవాడి ప్లేటు కంటే నాది శుభ్రమైందని చెప్పుకోడానికి పెట్టుకున్న బోర్డు అది. మాంసం తినేవాళ్ళకి అద్దెకివ్వం అని మొహం మీదే చెప్పే ఇంటి ఓనర్లూ, కాంటీన్లో వేరే బల్లలు కావాలనేవాళ్ళూ అందరూ ఈ "ప్యూర్" బాపతే. 2024 మార్చిలో జొమాటో వాళ్ళు ప్యూర్ వెజ్ డెలివరీకి ఆకుపచ్చ బట్టలేసిన వేరే బృందాన్ని పెడతామని ప్రకటించి, గోల రేగడంతో మర్నాడే ఆ ఆకుపచ్చ బట్టల సంగతి వెనక్కి తీసుకున్నారు. వీగన్ననగానే నన్ను కూడా తెచ్చి వాళ్ళ జట్టులో కలిపేస్తారు. "నువ్వు సూపర్ ప్యూర్ అన్నమాట" అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. అయ్యా, నాకొద్దు ఆ మెప్పు. మా ఇంట్లో ఆదివారం కోడికూర వండుతారు. నేను వాళ్ళ పక్కనే కూర్చుని గోంగూర కలుపుకుని తింటాను. మా నాన్నకి తన కంచంలో ఏముందో తెలుసు. అది ప్రాణం తీస్తే వచ్చిందని తెలుసు, ఆ మాట ఒప్పుకుంటాడు. నా వాదన ఆయనతో కంటే, తన కంచంలో ఏ ప్రాణీ లేదని ప్రమాణం చేసే ప్యూర్ వెజ్ పెద్దమనిషితోనే ఎక్కువ.

ఎందుకంటారా? ఒక లెక్క చూపిస్తాను. మనం లెక్కల మనుషులం కదా. 2019లో మన దేశంలో 20వ పశుగణన జరిగింది. ఆవు జాతిలో ఆడవి సుమారు 14.5 కోట్లు. మగవి సుమారు 4.7 కోట్లు. గేదెల్లో ఇంకా విచిత్రం, ఆడవి 10 కోట్ల పైచిలుకు ఉంటే మగవి కోటి కూడా లేవు. పుట్టేటప్పుడు ఆడా మగా దాదాపు సమానంగానే పుడతాయి. మరి మిగతావి ఏమైపోయినట్టు? రెండు టేబుళ్ళలో రో కౌంట్ ఇంత తేడాగా వస్తే మనం రాత్రంతా కూర్చుని లాగ్స్ తవ్వుతాం. ఇక్కడ లాగ్స్ తవ్వక్కర్లేదు, ఊరెళ్తే చాలు. ట్రాక్టర్లొచ్చాక ఎద్దుకి పని పోయింది. దున్నకి అంతకుముందే పెద్దగా పని లేదు. పాలివ్వని జంతువుకి మేత పెట్టే స్తోమత సన్నకారు రైతుకి లేదు. కాబట్టి అవి సంతకి పోతాయి, సంత నుంచి కబేళాకి పోతాయి, లేదా అంతదాకా కూడా బతకవు. ప్రపంచంలోనే అత్యధికంగా పాలు ఉత్పత్తి చేసే దేశం, గేదె మాంసం ఎగుమతిలో ముందు వరసలో ఉన్న దేశం రెండూ ఒకటే కావడం కాకతాళీయం అనుకుంటున్నారా? పాడి అనే చెట్టుకి రెండు కాయలు కాస్తున్నాయి. ఒకటి కోసుకు తిని, రెండోది మా చెట్టుది కాదంటున్నారు ప్యూర్ వెజ్ వాళ్ళు.

ఇది నేను ఏ యూట్యూబ్ వీడియో చూసో నేర్చుకున్నది కాదు. మాది కృష్ణా జిల్లాలో పల్లెటూరు, ఇంట్లో రెండు గేదెలుండేవి. పెయ్యదూడ పుడితే ఇంట్లో అందరి మొహాలూ వెలిగేవి. దున్నదూడ పుడితే "ప్చ్" అనేవాళ్ళు. ఆ "ప్చ్" విన్నాక దాని జీవితం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొదుగు దగ్గర దానికి దొరికే వాటా తక్కువ. ఎక్కువ కాలం ఉండేది కాదు. ఒకసారి దూడ పోతే, దాని తోలులో గడ్డి కూరి, ఎండబెట్టి, పాలు పితికేటప్పుడు గేదె ముందు పెట్టారు. ఆ గేదె దాన్ని నాకుతూ చేపింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాయనమ్మ చెడ్డమనిషి కాదు. పాలకేంద్రంలో పోసే ఆ రెండు పూటల పాలతోనే మా నాన్న చదువు సాగింది. ఆవిణ్ణి నేనేమీ అనను, ఎవర్నీ అననివ్వను కూడా. నేను కాఫీ తాగలేకపోతున్నానంతే. దీనికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు.

"అనాదిగా వస్తున్న మన సంస్కృతిని కాదంటావా?" అనేవాళ్ళకి ఇంకో లెక్క. 1950-51లో దేశం మొత్తం మీద పాల ఉత్పత్తి సుమారు కోటీ డెబ్భై లక్షల టన్నులు. 2023-24లో దాదాపు 23.9 కోట్ల టన్నులు. పద్నాలుగు రెట్లు! జనాభా ఈలోగా నాలుగు రెట్లు పెరిగింది. అంటే మనిషికి మూడున్నర రెట్లు. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్, సంకర జాతి ఆవులు, చిల్లింగ్ సెంటర్లు, పాల లారీలు తెచ్చిన మార్పు ఇది. సాధించినవాళ్ళని తక్కువ చెయ్యట్లేదు, అది మామూలు పని కాదు. కానీ రోజుకి నాలుగు టీలు, రెండు పూటలా పనీరు, దోశ మీద వెన్నముద్ద అనాదిగా వస్తున్నాయంటే ఎలా? మా తాతల కాలంలో పాలు దొరికే ఇళ్ళు వేరు, దొరకని ఇళ్ళు వేరు. నెయ్యి పండక్కి కనిపించేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి, సకినాలు, రాగిసంకటి, ఊరిబిండి, ఉగ్గాని, పులిహోర, నువ్వుల నూనెలో ఊరిన ఆవకాయ, పప్పుచారు, కూరల పులుసులు.. అనాదిగా వస్తున్నవి ఇవి. వీటిలో పాలెక్కడున్నాయి? మన జనం తిండిలో సగం పైగా పుట్టుకతోనే వీగన్. ఆ ఇంగ్లీషు మాట పుట్టకముందు నుంచీ.

అందుకే నాకు మన వీగన్ సోదరుల మీద కూడా కోపమే. జూబ్లీహిల్స్‌లో ఏసీ కేఫ్ పెట్టి, బాదం పాల కాఫీ, అవకాడో టోస్టు అమ్మి, వీగన్ అంటే ఇదీ అని జనాల బుర్రలోకి ఎక్కించారు. దాంతో మా అమ్మతో సహా అందరూ ఇదేదో డబ్బున్నోళ్ళ సరదా అనుకుంటున్నారు. పక్క సందులో బండి మీద ఇరవయ్యో ముప్ఫయ్యో పెట్టి తినే మిర్చిబజ్జీ ముందు ఆ టోస్టు ఎందుకూ పనికిరాదు. పైగా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో భోజనాల వేళకి నెత్తుటి వీడియోలు పంపించే భక్తులొకరు. వాళ్ళ వల్ల ఒక్కడు మారాడో లేదో గానీ, నాకు మాత్రం ప్రతి ఫంక్షన్లోనూ ప్రైవేటు చెప్పుకునే పని పడుతోంది.

ప్రొటీన్ గురించి అడగబోయేవాళ్ళకి త్వరగా చెప్పేస్తాను. కందిపప్పు, పల్లీలు, సెనగలు, సోయా. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 20 గ్రాములకి పైనే ఉంటుంది. కాల్షియానికి రాగులు, నువ్వులు. బి12 మాత్రం మొక్కల తిండిలో నమ్మకంగా దొరకదు, మాత్ర వేసుకోవాలి, వేసుకుంటున్నాను. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకుంటాను. పొద్దున సిగరెట్టు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం ఎనర్జీ డ్రింకు మీద బతికే మా బ్యాచ్ మొత్తం నా బి12 గురించి ఇంతగా బెంగపడటం చూస్తే కళ్ళు చెమరుస్తాయి నాకు.

ఇంట్లో సంగతి వేరు. అక్కడ వాదనలు పనిచెయ్యవు. "ఒరేయ్, పెరుగన్నం లేకుండా లేస్తే భోజనం అయినట్టా?" అంటుంది మా అమ్మ. పాపం ఆవిడే ఈమధ్య పల్లీలు నానబెట్టి రుబ్బి, పాలు తీసి తోడు పెట్టడం నేర్చుకుంది. రుచి పెరుగులా ఉండదు గానీ, ఆవకాయ నంజుకుంటే దిగిపోతుంది. అదే పెళ్ళి బంతుల్లో అయితే నెయ్యి గిన్నె పట్టుకున్నాయన నా విస్తరి దగ్గరికి రాగానే రెండు చేతులూ అడ్డం పెడతాను. "అయ్యో, నెయ్యి లేకుండా ముద్దపప్పేంటి నాయనా" అని వేళ్ళ సందులోంచి పోసేస్తాడు. అది ప్రేమ, తెలుసు. కానీ అన్నం అంతా వదిలేసి లేవాల్సి వచ్చేది నేను.

ఆ మధ్య పెళ్ళిచూపులకి వెళ్ళాం. కాఫీ తెచ్చారు. వద్దన్నాను. టీ అన్నారు. వద్దన్నాను. హార్లిక్స్ అన్నారు. పోనీ మజ్జిగ అన్నారు. నీళ్ళు తాగి వచ్చాను. అమ్మాయి నవ్వింది, మాట్లాడితే బాగానే మాట్లాడింది, ఎందుకు తాగవని అడిగింది, చెప్తే విన్నది. నాకు నచ్చింది. వారం తర్వాత మధ్యవర్తి చేత కబురు పంపించారు. "అబ్బాయికి కడుపులో ఏదో పెద్ద జబ్బుందటగా, అందుకే పాలు కూడా అరగవట" అని! మందు కొట్టే అలవాటుందంటే "ఈ రోజుల్లో మామూలే" అని సర్దుకునేవారేమో. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా పెద్దమ్మ తేల్చేసింది. ఇప్పుడు మ్యాట్రిమోనీ ప్రొఫైల్లో ఆహారం దగ్గర ఏం పెట్టాలో తెలియక "వెజ్" అనే పెట్టారు మావాళ్ళు. వెజ్జే కదా!

"నువ్వు మానేస్తే పాడి రైతు గతేంటి?" ఇది ఒక్కటే నేను గౌరవించే ప్రశ్న. లీటరుకి ఎంతొస్తుందో, దాణాకి ఎంత పోతుందో లెక్క తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఎంతమంది ఆడవాళ్ళ చేతిలో సొంత డబ్బు ఆడేది ఆ పాలబిల్లుతోనో కూడా తెలుసు. నేను పాలకేంద్రాలు మూయించమనట్లేదు. నేనడిగేది చాలా చిన్న సంగతి. వంటలో ఏం వేశారో చెప్పండి అంటున్నాను. దీనివల్ల ఏ రైతుకీ గేదె తగ్గదు.

పైగా ఇది నా ఒక్కడి గోల కూడా కాదు. పాలు పడనివాళ్ళు, పెద్దయ్యాక లాక్టోజ్ అరగనివాళ్ళు మన చుట్టూ చాలామందే ఉన్నారు. చాలామంది "నాకు గ్యాస్ ట్రబులండీ" అనుకుంటూ మాత్రలు మింగుతుంటారు. పాల అలర్జీ ఉన్న పిల్లాడికి ఆ గరిటెడు గ్రేవీ నాకులా సిద్ధాంతం సమస్య కాదు, ఆసుపత్రి సమస్య. సెంట్రల్ లైసెన్సు ఉన్న హోటళ్ళు, పది చోట్ల శాఖలున్న హోటళ్ళు మెనూలో కేలరీలతో పాటు అలర్జీ వివరాలు కూడా చెప్పాలని నిబంధన ఉంది. 2022 నుంచి అది అమలులో ఉంది. మీలో ఎంతమంది ఒక్కసారైనా ఆ వివరాలు అడిగారు? మనం అడగం కాబట్టే వాళ్ళు ఏదో మూల అచ్చేసి ఊరుకుంటున్నారు, సప్లయర్‌కి నేర్పట్లేదు. విదేశీ విమానాల్లో భోజనం బుక్ చేసేటప్పుడు చూడండి, హిందూ వెజ్ వేరు, జైన్ వేరు, పాలు లేని వెజ్ వేరు, ఒక్కోదానికీ ఒక్కో కోడ్. ముప్ఫయ్యారు వేల అడుగుల ఎత్తులో, అంగుళం ఖాళీ లేని వంటగదిలోంచి పెట్టగలుగుతున్నారు. రెండెకరాల్లో కన్వెన్షన్ హాలు కట్టి, నలభై ఐటమ్స్ వడ్డించేవాళ్ళు ఒక్కో గిన్నె ముందు పేరుతో పాటు "పాలు కలిసినవి" అని చిన్న చీటీ పెట్టలేరా?

వచ్చే శుక్రవారం మా టీమ్ లంచ్. ఎక్సెల్ షీటు వచ్చింది. పేరు, ఎంప్లాయీ ఐడీ, వెజ్, నాన్‌వెజ్. పోయినసారి నేను "పాలు లేనివి" అని ఓ కాలమ్ కలిపితే, ఎవరో "ఫార్మాట్ పాడవుతోంది" అని తీసేశారు. ఈసారి మళ్ళీ కలిపాను. కలిపిన గంటకి చూస్తే అందులో నా పేరు కాక ఇంకో రెండు టిక్కులున్నాయి. ఒకటి టెస్టింగ్ టీమ్‌లో కొత్తగా చేరినమ్మాయిది. రెండోది మా మేనేజర్‌ది. ఆయనకి పాలు పడవట, పదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట.